మొద్దు మీద ఆరో మనిషి

భద్రతా మండలిలో మన దేశానికి శాశ్వత స్థానం ఇంకా రాలేదు. మా కల్లు మండువలో భీమయ్యకు మాత్రం వచ్చింది. మొదటిది ఎందుకు రాలేదో మా కాలేజీ పిల్లలకు ఏటా చెబుతాను, వాళ్లు ఏటా ఆవలిస్తారు. రెండోది ఎలా వచ్చిందో చెబితే ఎవరూ ఆవలించరు. అందుకని అదే చెబుతున్నాను.

నా పేరు భాగ్య. సిరిసిల్లలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెబుతాను. మా ఊరు గంభీరావుపేట పక్కన. మా నాయన మల్లేశం తాళ్లెక్కి కల్లు గీస్తాడు, మా అమ్మ రాధమ్మ దాన్ని జనం కూర్చుని తాగే మండువలో పోస్తుంది. నేను కల్లు ముట్టను. కానీ తాగేవాళ్ల గురించి నాకు తెలిసినంత వాళ్ల పెళ్లాలకు కూడా తెలియదు. సాయంత్రం బస్సు దిగి ఇంటికి పోవాలంటే మండువ దాటే పోవాలి. దాటుతూ దాటుతూ ఆ రోజు ఊళ్లో ఎవరికి ఎవరితో పడలేదో మొత్తం వినేస్తాను. వినీ వినీ నాకు కోపం తొందరగా వచ్చే గుణం పట్టుకుంది.

మండువ మధ్యలో ఒక తాటి మొద్దు ఉంటుంది. నేను పుట్టకముందు పిడుగు పడి ఒక తాడిచెట్టు కూలిందట. ఐదుగురు మనుషులు అందులో ఓ ముక్కను భుజాల మీద మోసుకొచ్చి మండువలో వేశారట. మోసిన వాళ్లే దాని మీద కూర్చోవాలని, తొలి లొట్టి, అంటే తొలి కల్లు కుండ, వాళ్లకే వంచాలని, మొద్దు విషయంలో ఏ మార్పు రావాలన్నా ఐదుగురూ సరేననాలని అప్పుడే మాట్లాడుకున్నారు. ఒక్కడు వద్దన్నా అంతే సంగతులు. మిగతా ఊరంతా నేల మీద గొంతుక్కూర్చుని తాగుతుంది.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. మా తాటివనంలో అన్నిటికంటే ముసలిదీ ఎత్తయినదీ అయిన తాడిచెట్టును పెద్ద తాడు అంటారు. మొద్దు మీది వాళ్ల వాడిక, అంటే రోజూ తాగేది, ఆ చెట్టే. దాని కల్లు వాళ్లకు తప్ప ఇంకొకరికి పోయకూడదు, వాళ్లు మండువలో ఇంకో చెట్టు కల్లు తాగకూడదు. అమ్మ లొట్టి వంచి తాటాకు రేకలో పోస్తుంటే ఐదుగురూ వరసగా తాగుతారు. మొదటి గుక్క గొంతు దిగగానే ఐదు ముఖాలూ ఒకేలా బిగుసుకుంటాయి. కళ్లు సగం మూతపడతాయి, మూతి కాస్త పక్కకు పోతుంది, మెడ మెల్లగా ఒకసారి ఊగుతుంది. ఊరంతా దాన్ని పెద్దరికం అంటుంది.

ఆ ఐదుగురిలో మొదటివాడు పురుషోత్తం రావు. వాళ్ల తాతలు ఊరికి దొరలు. ఇప్పుడు గడీ పెంకులు జారిపోయాయి, భూమిలో చాలా భాగం చేతులు మారింది, మీసం మాత్రం ఉన్నచోటే ఉంది. ఒకప్పుడు కల్లు గడీకే పోయేది. మోసుకుపోయే మనిషి దొరకని రోజులు వచ్చాక ఆయనే మండువకు రావడం మొదలుపెట్టాడు. దాన్ని జనంలో కలిసిపోవడం అంటాడు. మిగతా నలుగురిలో ఒకాయన మాజీ సర్పంచ్, ఒకాయనది రైస్‌మిల్లు, ఒకాయనది ఎరువుల దుకాణం, ఇంకొకాయన ఏం చేస్తాడో ఆయనకు కూడా తెలియదు.

ఇక మన భీమయ్య. వాళ్ల నాయన పోశయ్య దొరల గడీలో జీతగాడిగా ఉండేవాడు. భీమయ్య చిన్నతనంలోనే సిరిసిల్ల పోయి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. ఆ చప్పుడుకు చెవులు మొద్దుబారాయని కోరుట్ల వైపు పోయి, కోతలకు పంజాబ్ నుంచి వచ్చే హార్వెస్టర్ల వాళ్ల దగ్గర కుదిరాడు. ఒక్క సీజన్‌లో మిషన్ నడపడమూ పంజాబీలో తిట్టడమూ రెండూ నేర్చుకున్నాడు. తర్వాత పాతదొకటి కొన్నాడు, ఆ తర్వాత కొత్తదొకటి కొన్నాడు. ఇప్పుడు జగిత్యాల, కోరుట్ల వైపు కోతలు కూడా ఆయన మిషన్లకే ఎక్కువ. మా ఊళ్లో బోనాలకు పెద్ద చందా ఆయనదే, బోరు మోటారు కాలితే జనం పరుగెత్తేది ఆయన ఇంటికే. అయినా సాయంత్రం మండువలో కూర్చునేది మాత్రం నేల మీదే.

నేల మీద కూర్చోవడం ఆయనకు చాలా ఏళ్లు కష్టమనిపించలేదు. ఇంట్లో పెద్ద టీవీ పెట్టించాకే తిప్పలు మొదలయ్యాయి. పొద్దంతా వార్తలు. ఏ దేశం ఏ దేశాన్ని ఏమందో మా ఊళ్లో మొదట తెలిసేది భీమయ్యకే. అందుకే ఊరు ఆయనకు ప్రపంచం భీమయ్య అని పేరు పెట్టింది. ఆయన దాన్ని బిరుదు అనుకున్నాడు.

ఓ సాయంత్రం నేను బస్సు దిగేసరికి ఎదురొచ్చి నిలబెట్టాడు.

"బిడ్డా భాగ్యా, నువ్వు సదువుకున్నదానివి. నాకొక్కటి జెప్పు. జనాభల మనం ఫస్టు. చంద్రుని మీదికి పోయినం. అందరికి మందులు పంపుతున్నం. గా మండలిల కుర్చీ అడిగితె మాత్రం ఒకని మొకం ఒకడు సూత్తరు. గిదేం న్యాయం?"

"కాకా, అండ్ల పర్మినెంట్ సభ్యులు ఐదుగురే. పెద్ద యుద్ధంల గెలిచినోళ్లు. గెలిచినంక కుర్చీలు ఏసుకొని కూసున్నరు. ఒక్కలు వద్దంటె ఏది ముంగటికి పోదు."

"మరి మనోళ్లు కొట్లాడలేదా గా యుద్ధంల?"

"ఎందుకు కొట్లాడలే? ఇరవై లక్షల మందికి పైన యుద్ధానికి పోయిన్రు. కని తెల్లోళ్ల కింద పోయిన్రు గద. లెక్క వాళ్ల కిందనే పడ్డది."

భీమయ్య మండువ వైపు చూశాడు. అప్పటిదాకా నాకు నవ్వులాటగానే ఉంది. ఆయన మెల్లగా అన్నాడు.

"మొద్దు ఐదుగురు మోసిన్రన్న ముచ్చట నిజమే బిడ్డా. కని గా ఐదుగుర్ల దొర లేడు, మా నాయిన ఉండె. దొర గొడుగేసుకొని ముంగట నడిచిండంతె. మా నాయిన భుజం మీద కాయ సచ్చేదాక ఉండె. మొద్దు మీద కూసున్నది దొర. దొర మండువకు రాకముందు రోజు పెద్ద తాడు కల్లు గడీకి మోసింది గూడ మా నాయిననే. ఒక్క చుక్క నోట్లె ఏసుకోలే. ఎట్లుంటదో గా కల్లు అనుకుంటనే పోయిండు."

సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే. నాకు పురుషోత్తం రావు మీద కోపం వచ్చింది. ఆ రోజు నుంచి మండువలో భీమయ్యకు నేనే విదేశాంగ శాఖ అయ్యాను.

"ముందు ఇంట్ల గెలువాలె కాకా, తర్వాతనే రచ్చ" అన్నాను.

"అడుగంది అమ్మన్న పెట్టది. మొద్దు మీద జాగ అడుగుత" అన్నాడు.

అడగడం మొదలుపెట్టాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని ఐదిళ్లూ తిరిగాడు. మాజీ సర్పంచ్ భుజం మీద చెయ్యేసి, "నువ్వు గాకపోతె ఇంకెవలు భీమయ్యా? నాకేం అభ్యంతరం లేదు. కని మిల్లాయన ఒప్పుకోడు" అన్నాడు. మిల్లాయన చాయ్ తాగించి, తనకేం అభ్యంతరం లేదు కానీ ఎరువులాయన ఒప్పుకోడన్నాడు. ఎరువులాయన, ఏం చేస్తాడో తెలియని ఆ ఇంకొకాయన మీదికి తోశాడు, ఆయన దొర మీదికి తోశాడు. పురుషోత్తం రావు ముందు నిలబడి "రావుసాబ్" అనాలని భీమయ్య దారి పొడవునా వల్లె వేసుకున్నాడు. తీరా నోరు తెరిస్తే "దొరా" అనే వచ్చింది. దొర మీసం దువ్వుకుని, "నాకేమున్నదిర భీమిగా? సర్పంచే ఒప్పుకోడు" అన్నాడు. చక్రం తిరిగి మొదటికే వచ్చింది.

"కాకా, అచ్చం అక్కడ గూడ గిట్లనే" అన్నాను. ఆయనకు అది ఓదార్పు అనిపించింది. ఛాతీ విరుచుకుని ఇంటికి పోయాడు.

ఐదుగురూ చాలనట్టు పెంటయ్య తయారయ్యాడు. పెంటయ్య భీమయ్య పక్కింటివాడు, టెంట్ హౌస్ నడుపుతాడు. తనకు రాకపోయినా ఫర్వాలేదు, పక్కింటివాడికి రాకూడదు. "భీమయ్యకిత్తె నాకెందుకియ్యరు? నాకియ్యనప్పుడు ఎవ్వనికియ్యద్దు" అంటూ నాలుగు రోజులు కనబడ్డవాళ్లందరికీ చాయ్ పోయించాడు. ప్రపంచంలో కూడా ఇలాంటి దేశాల గుంపొకటి నిజంగానే ఉంది, దానికి కాఫీ క్లబ్బని పేరు. ఆ మాట భీమయ్యకు చెప్పాను. "మరి వీడు కాఫీ గూడ పొయ్యలేదు సూడు, పిసినారి" అన్నాడు.

మాటలతో పని కాదనుకుని భీమయ్య వస్తువు మీదికి దిగాడు. పాత మొద్దు పురుగు పట్టిందని చెప్పి వీర్నపల్లి వైపు నుంచి ట్రాక్టర్ మీద కొత్త మొద్దు తెప్పించాడు. ఆరుగురు సుఖంగా కూర్చునేటంత పొడవు. పాతదాని జాగాలో అదే వేయించాడు. ఐదుగురూ వద్దనలేదు, చాలా బాగుందన్నారు. సాయంత్రం వచ్చి కూర్చున్నారు. మోకాళ్లు దూరం దూరం పెట్టుకుని, పక్కన ఒకడు కండువా, ఒకడు చేతికర్ర, ఒకడు సెల్‌ఫోను పెట్టుకుని, మొద్దు ఈ కొస నుంచి ఆ కొసదాకా నిండిపోయారు. భీమయ్య దాని ముందే నేల మీద కూర్చుని తన వాడిక చెట్టు కల్లు తాగాడు. ఆయనది మా వనంలో పడుచు చెట్టు, కల్లు తియ్యగా చక్కెర నీళ్లలా ఉంటుందంటారు. ఆ రోజు ఆయనకు అది కూడా రుచించలేదు.

అయినా ఆశ చావలేదు. ఒకనాడు రోడ్డు పక్కన ఆగిన హార్వెస్టర్ దగ్గర ఆయన ఒక్కడే నిలబడి ఉన్నాడు. దగ్గరికి పోయి చూద్దును కదా, సైడు అద్దంలో చూసుకుంటూ కళ్లు సగం మూసి, మూతి పక్కకు తిప్పి, మెడ ఊపుతున్నాడు.

"పండ్లు నొత్తున్నయా కాకా?"

"కాదు బిడ్డా. రేపు మొద్దు మీద కూసుంటె మొకం పెట్టరావాలె గద. పెద్దరికం ఊకెనే అత్తదా?"

నవ్వాపుకోలేక బస్సు వచ్చిందని అబద్ధం చెప్పి వచ్చేశాను.

ఇంతలో యాసంగి వరి కోతకొచ్చింది, మబ్బులు కూడా వచ్చాయి. రేపో మాపో వడగళ్లు పడతాయని టీవీలో చెప్పారు. మిషన్లు రెండూ కోరుట్ల వైపు ఉన్నాయి, భీమయ్య వాటితో ఉన్నాడు. ఊళ్లో ఐదుగురి మళ్లూ పండి వంగి ఉన్నాయి. మిషన్ ఎవరి మడిలోకి ముందు దిగాలో చెప్పేది భీమయ్య భార్య రుక్కమ్మ, ఫోను ఆమె దగ్గరే ఉంటుంది. ఐదుగురూ ఒకరికి తెలియకుండా ఒకరు ఆమెకు ఫోన్ చేశారు. "ముంగట నాది కోపియ్యి" అని ఐదుగురిదీ ఒకటే మాట.

రుక్కమ్మకు అంతర్జాతీయ రాజకీయాలు రావు. వార్తలు పెడితే టీవీ కట్టేసే మనిషి. ఆమె ఐదుగురికీ ఒకే జవాబు చెప్పింది.

"అట్లనే కోపిద్దాం తియ్యి. పొద్దుగూకినంక మా ఆయన మండువకత్తడు. మొద్దు ముచ్చట అడుగుతడు. ఎవలు వద్దంటె ఆయన మడి ఆకరికి. గంతే."

ఈ సంగతి భీమయ్యకు తెలియదు. ముందు ఒక మిషన్ పట్టుకుని ఊరికొచ్చి, ఒంటి నిండా దుమ్ముతో నేరుగా మండువకు వచ్చి, ఎప్పటిలాగే నేల మీద కూలబడ్డాడు. ఆ రోజు అడిగే ఓపిక కూడా ఆయనకు లేదు. అప్పుడే నేను బస్సు దిగి వస్తున్నాను. పురుషోత్తం రావు గొంతు సవరించుకున్నాడు.

"ఏందిర భీమిగా... గదే, భీమయ్యా. ఏదో అడుగుతవట గద?"

భీమయ్య తెల్లబోయి నా వైపు చూశాడు. నేను తల ఊపాను. లేచి నిలబడి దుమ్ము దులుపుకున్నాడు.

"ఏమున్నది... మొద్దు మీద నాక్కూడ గింత జాగ ఇయ్యున్రి."

సర్పంచ్ మిల్లాయన వైపు చూశాడు, మిల్లాయన ఎరువులాయన వైపు చూశాడు. వద్దనేవాడు ఇంకొకడు ఉంటాడని ఇన్నాళ్లూ ప్రతివాడూ ధైర్యంగా ఉన్నాడు. ఇప్పుడు ఆ ఇంకొకడు ఎక్కడా కనబడలేదు. పైన మబ్బు ఉరిమింది. ఐదుగురూ ఒకేసారి తమ మళ్ల వైపు చూశారు.

"ఎవలన్న వద్దంటున్నరా? జల్ది చెప్పున్రి, నాకు లొట్టి బరువైతున్నది" అంది అమ్మ.

ఎవరూ అనలేదు.

"అయితె జరుగున్రి మరి."

జరిగారు. కండువా ఒళ్లోకి పోయింది, చేతికర్ర నేల మీదికి పోయింది. భీమయ్య మొద్దును తువ్వాలతో తుడిచి, దేవుడి పీట మీద కూర్చున్నట్టు మెల్లగా కూర్చున్నాడు. రెండు చేతులా రేక పట్టి నోటికి ఆనించాడు. నేల మీద ఉన్న ఊరంతా తాగడం మానేసి చూస్తోంది. పెంటయ్య అయితే రేకలో కల్లు కారిపోతున్నా చూసుకోలేదు. అమ్మ పెద్ద తాడు లొట్టి వంచింది.

గుక్క దిగింది. భీమయ్య కళ్లు సగం మూతపడ్డాయి, మూతి పక్కకు పోయింది, మెడ ఊగింది. అద్దం ముందు ఎన్నాళ్లు తంటాలు పడ్డా అంత బాగా కుదరలేదు.

అది పెద్దరికం కాదు, పులుపు. ఆ ముసలి చెట్టుకు ధార సన్నబడి చాలా కాలమైంది. చుక్క చుక్కగా రాత్రంతా కారి, కారినదంతా లొట్టిలోనే పులిసిపోతుంది. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ఐదుగురికీ తెలుసు. కానీ పెద్ద తాడు కల్లు బాగాలేదని మొదట అనేవాడు చులకనైపోతాడు కనుక ఏ ఒక్కరూ అనలేదు. పైన పటారం, లోన లొటారం. పొద్దుగూకాక మా పెరటి గోడ మీదికి ఐదు ఖాళీ నీళ్ల సీసాలు వస్తాయి. పడుచు చెట్ల కల్లు నింపుకుని ఎవరింటికి వాళ్లవి పోతాయి.

ఐదుగురూ ఊపిరి బిగబట్టి భీమయ్య నోటి వైపే చూస్తున్నారు. ఎక్కడ బయటపెడతాడోనని భయం, బయటపెడితే బాగుండునని ఆశ. చివరికి పురుషోత్తం రావే అందుకున్నాడు.

"కొత్త మొద్దాయె, కొత్త మనిషాయె. ఇగ తాడు గూడ మారుద్దాం. ఏమంటరు?"

నలుగురూ అంత ఆత్రంగా తలలూపడం నేనెన్నడూ చూడలేదు. ఇక మిగిలింది ఆరో మనిషి.

"వద్దు" అన్నాడు భీమయ్య.

కూర్చుని ఒక రేకన్నా పూర్తి కాలేదు, అప్పుడే వీటో.

"ఏందయ్యా, బాగనే ఉన్నదా?" అన్నాడు సర్పంచ్, ఏడుపు గొంతుతో.

"ఎట్లున్నా సరే. మా నాయిన గీ తాడు కల్లు బతుకంత మోసిండు రావుసాబ్. ఎట్లుంటదో ఎరుకలేకనే పోయిండు. నేను గీ తాడుదే తాగుత, పుల్లగుంటె పుల్లగనే తాగుత. నేను కూసున్నన్ని దినాలు తాడు మారది."

రావుసాబ్ అన్న మాట తడబడకుండా వచ్చింది. పురుషోత్తం రావు తలొంచుకుని రేక ముందుకు పట్టాడు, అమ్మ పోసింది. ఆయన ముఖం ఎప్పటిలాగే బిగుసుకుంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పోశయ్య ఆ మొద్దు మీద కొడుకు పక్కన కూర్చున్నట్టే అనిపించి, కళ్లు తుడుచుకుంటూ ఇంటికి పోయాను.

అంత గొప్పగా వచ్చిన కన్నీళ్లు పెరట్లోకి పోయేసరికే ఆరిపోయాయి. గోడ అవతల రుక్కమ్మ నిలబడి ఉంది, చేతిలో ఖాళీ నీళ్ల సీసా.

"రాధక్కా, పడుసు తాడుది గింత పొయ్యి. మా ఆయనకు గుండెల మంటనట. నేనచ్చినట్టు ఎవలకు జెప్పకు."

అమ్మ మారు మాట్లాడకుండా ఆ సీసాను మిగతా ఐదింటి పక్కన పెట్టింది.

వడగళ్లు పడకముందే మళ్లన్నీ కోతలయ్యాయి. ఇప్పుడు పెంటయ్య ఏడో జాగా అడుగుతున్నాడు. భీమయ్య ఆయన భుజం మీద చెయ్యేసి, "నువ్వు గాకపోతె ఇంకెవలు పెంటన్నా? నాకేం అభ్యంతరం లేదు. కని దొర ఒప్పుకోడు" అన్నాడట. నాకు ఒళ్లు మండి, నిన్న బస్సు దిగగానే ఇదేం న్యాయమని భీమయ్యను నిలదీశాను. "మండలి అంటె అంత తేలికనా బిడ్డా? దేనికైనా ఒక పద్ధతుంటది" అన్నాడు. ఇక ఆయనతో మాట్లాడదలచుకోలేదు.

కోపంగా ముందుకు నడిస్తే, మలుపు దగ్గర ఎవరిదో మోటారుసైకిల్ ఆగి ఉంది. దాని అద్దంలోకి వంగి చూసుకుంటూ పెంటయ్య మూతి పక్కకు తిప్పుతున్నాడు.